పదో తరగతి తర్వాత మా కుర్రాళ్లు ఎక్కడ కూర్చోవాలి?

మా శ్రీకాకుళం వైపు యువజనోత్సవం ఎలా జరుగుతుందో ఇక్కడివాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. పొద్దున్నే ర్యాలీ, ఫ్లెక్సీ వెనకాల నాలుగు వరసల కాలేజీ పిల్లలు, రెండు గంటలు ఆలస్యంగా వచ్చే ముఖ్య అతిథి, దేశ భవిష్యత్తు మీ చేతుల్లోనే ఉందని ఒక ప్రసంగం, స్నాక్స్ పాకెట్టు, గ్రూప్ ఫొటో. మధ్యాహ్నం భోజనాల వేళకి అంతా అయిపోతుంది. మర్నాడు అవే మొహాలు ఊరి బయట కల్వర్టు మీద ఫోన్లు పట్టుకుని కూర్చుంటాయి, దారిన పోయే పెద్దమనిషి వాళ్లని చూసి "ఈ కాలం కుర్రాళ్లు పాడైపోయారు" అనుకుంటూ పోతాడు. ఊళ్లో ఆ వయసు వాళ్లు కూర్చోడానికి ఇంకో చోటు ఏదైనా ఉందా అని ఆయనా అడగడు, ఉత్సవం పెట్టినవాళ్లూ అడగరు.

పిల్లలకీ కుటుంబాలకీ నిజంగా పనికొచ్చిన కార్యక్రమాలు మా చుట్టుపక్కల ఏవేవి అని లెక్క వేసుకుంటే నాకు కనిపించేది ఒకటే. రోజూ తలుపు తెరిచేవి పనిచేశాయి. ఏడాదికోసారి బ్యానర్ కట్టేవి పనిచేయలేదు. అంతకు మించి పెద్ద సిద్ధాంతం ఏమీ లేదు నా దగ్గర.

అంగన్‌వాడీనే తీసుకోండి. 1975 అక్టోబరు 2న మొదలైన పథకం. గుడ్డు పెద్దదా చిన్నదా, పాలు టైముకి వచ్చాయా, బిల్డింగ్ కారుతోందా అని ఎన్ని గొడవలున్నా, దాన్ని తిట్టుకునేవాళ్లు కూడా పిల్లల్ని అక్కడికే పంపుతారు. మా వదిన ఆమదాలవలస దగ్గర ఒక ఊళ్లో అంగన్‌వాడీ టీచరు. ఏ పిల్లాడు రెండ్రోజులుగా రాలేదో, ఎవరింట్లో కొత్త కోడలికి మూడో నెలో, ఏ పిల్ల బరువు ఈ నెల పెరగలేదో ఆవిడకి రిజిస్టర్ చూడకుండానే తెలుస్తుంది. ఎందుకంటే ఆ తలుపు రోజూ తెరిచేది ఆవిడే, ఆ వీధిలో రోజూ నడిచేదీ ఆవిడే. ఒకసారి నేనడిగాను, ఈ పిల్లలు పెద్దయ్యాక ఏమవుతారో కూడా నీకు తెలుస్తుందా వదినా అని. "ఆరేళ్లదాకా నా పుస్తకంలోనే ఉంటారు బాబూ. ఆడగుంటయితే పెద్దయ్యాక మాత్రలకనో మీటింగులకనో మళ్లీ వొస్తాది. గుంటడు మాత్రం మరి నా పుస్తకంలో ఎక్కడా అగుపించడు" అంది.

ఆవిడ మామూలుగా అన్న మాటే గానీ, తర్వాత చూస్తే అది పథకం రాసినవాళ్ల కాగితాల్లోనే అలా ఉంది. రక్తహీనతకి వారం వారం ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర ఉంది కదా, పది నుంచి పంతొమ్మిదేళ్ల వాళ్లకి ఇచ్చేది. బడికి వెళ్తే ఆడపిల్లలకీ మగపిల్లలకీ ఇద్దరికీ బళ్లోనే ఇస్తారు. బడి మానేసిన ఆడపిల్లకి అంగన్‌వాడీలో ఇస్తారు. బడి మానేసిన మగపిల్లాడి కోసం ఆ పథకంలో ఏ తలుపూ లేదు. వాడికి రక్తం తక్కువుండదనా? ఇటుక బట్టీలోనో సెంట్రింగ్ పనిలోనో పొద్దంతా మోసేది వాడే.

దీన్ని చదివి, ఆడపిల్లలకి అన్నీ చేసేస్తున్నారు మగపిల్లల్ని వదిలేశారు అని పోటీ పెట్టేవాళ్లు తయారవుతారని తెలుసు, నేను అలా అనడం లేదు. ఆడపిల్లలకి జాబితాలో పేరు ఉంటోంది, అంతే. సాయంత్రం ఆరు దాటాక బయట కాలు పెట్టే చోటు వాళ్లకీ లేదు. పది అయిపోగానే సంబంధం చూసేసే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి, వేసవి ముహూర్తాల్లో మరీనూ. మీ వీధిలో పద్దెనిమిది నిండని పిల్లకి పెళ్లి మాటలు నడుస్తున్నాయని తెలిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, పిలిచినవాళ్ల పేరు బయటపెట్టరు. పెళ్లి పందిరి పడ్డాక కంటే తాంబూలాలు పుచ్చుకోకముందే చేస్తే అందరి పరువూ దక్కుతుంది, పిల్ల చదువూ ఆగదు.

మళ్లీ అసలు విషయానికి వస్తాను. అమ్మల సంగతి చూడండి. 2000లో ఆడవాళ్ల పొదుపు సంఘాల వెలుగు ప్రాజెక్టు మొదలైనప్పుడు ఉమ్మడి రాష్ట్రంలో మొదటి ఆరు జిల్లాల్లో శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. పేరు తర్వాత ఇందిరా క్రాంతి పథం అయింది, ఇప్పటికీ మా ఊళ్లో మాత్రం అది వెలుగే, ఆఫీసు వెలుగాఫీసే. సంఘంలో చేరిన ఆడవాళ్లకి నియమాలు నేర్పారు: సమావేశం క్రమం తప్పకూడదు, పొదుపు ఆగకూడదు, అప్పు తమలో తామే ఇచ్చుకోవాలి, వాయిదా టైముకి కట్టాలి, పుస్తకం సరిగ్గా రాయాలి. అందులో మొదటిది గొప్పది. నెలనెలా పది మంది ఆడవాళ్లు ఒకచోట కూర్చోవడం వల్ల అప్పు దొరకడం ఒకటే కాదు, ఎవరి మొగుడు తాగి కొడుతున్నాడో, ఎవరి కొడుకు ఇంటికి రావడం మానేశాడో కూడా అక్కడే బయటికొస్తుంది. అమ్మకి సంఘం ఉంది, నాన్నకి పొలమో వలో వలస పనో ఉంది, పదహారేళ్ల వాడికి కల్వర్టు ఉంది.

పదహారేళ్ల వాడికి ఊళ్లోనే చోటు దొరికితే ఏం జరుగుతుందో మాకు దూరంగా చూపించక్కర్లేదు. ఆమదాలవలస పక్కన ఊసవానిపేటలో నీలంశెట్టి అప్పన్న మాస్టారు పిల్లలకి బరువులెత్తడం నేర్పారు. అక్కడ మొదలైన కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీలో 240 కేజీలెత్తి కాంస్యం తెచ్చింది, ఒలింపిక్స్‌లో పతకం అందుకున్న మొదటి భారతీయ మహిళ. ఇది అందరికీ తెలిసిన కథే. నాకు అంతకంటే ముచ్చటేసేది విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలోని కొండవెలగాడ. అది మామూలు పల్లెటూరు. ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కేజీల విభాగంలో కాంస్యం గెలిస్తే, ముందు నిలిచిన నైజీరియా అమ్మాయి డోపింగ్‌లో దొరికిపోవడంతో అది వెండి అయింది. పతకం కంటే చూడాల్సింది అక్కడి ఏర్పాటు. ముందు ఎత్తినవాళ్లు తర్వాతివాళ్లకి నేర్పుతారు. ఎత్తినవాళ్లలో చాలామంది స్పోర్ట్స్ కోటాలో రైల్వేలోనో సైన్యంలోనో పోలీసులోనో చేరారు, అది కళ్ల ముందు కనిపిస్తుంటే కూతుర్ని బరువులెత్తడానికి పంపమని ఆ ఊరి తల్లిదండ్రులకి ఎవరూ కౌన్సెలింగ్ ఇవ్వక్కర్లేదు. ఇప్పుడు మన్యం జిల్లాలోకి పోయిన వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు గారు వందేళ్ల కిందటే విజయనగరంలో వ్యాయామశాల పెట్టి పిల్లల్ని తయారుచేశారు. అంటే ఈ నేలకి ఈ విద్య కొత్త కాదు. మేం ఆయన పేరు శ్రీకాకుళం స్టేడియానికి పెట్టుకుని ఊళ్లల్లో వ్యాయామశాలలు మాత్రం మూసేసుకున్నాం.

పొద్దున నాలుగున్నరకి మా హైవే సర్వీసు రోడ్డు మీద చూడండి, ఆర్మీకీ కానిస్టేబులుకీ ప్రాక్టీసు చేసే కుర్రాళ్లు చీకట్లో లారీల పక్కన పరిగెడుతుంటారు. 1600 మీటర్లు ఎన్ని నిమిషాల్లో అని ఫోన్ స్టాప్‌వాచ్ పెట్టుకుని. రెండు కిలోమీటర్ల లోపల హైస్కూలు గ్రౌండు ఉంటుంది, గేటుకి తాళం ఉంటుంది. అడిగితే సామాన్లు పోతాయంటారు. గ్రౌండులో ఏం పోతాయో నాకు అర్థం కాదు, ఇసకా?

గ్రంథాలయం సంగతీ ఇలాంటిదే. మనం ఇంటి పన్ను కట్టినప్పుడల్లా రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం, పాత రసీదు తీసి చూసుకోండి. ఆ డబ్బు పంచాయతీ, మున్సిపాలిటీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకి జమ చేయాలి. చాలాచోట్ల వసూలవుతుంది గానీ జమ కాదు, బకాయిలు పేరుకుంటాయి, ఇటు శాఖా గ్రంథాలయంలో పోటీ పరీక్షల పుస్తకాలు నాలుగేళ్ల పాతవి, మనిషి లేక సాయంత్రం తీయరు. కుర్రాడు ఖాళీగా ఉండేది సాయంత్రమే. శ్రీకాకుళంలో ఒక రిటైరైన లెక్కల మాస్టారు, కాళీపట్నం రామారావు గారు, తనకొచ్చిన పురస్కారాల డబ్బు పెట్టి 1997లో కథానిలయం తెరిచారు, తెలుగు కథలన్నీ ఒకచోట చేర్చాలని. ఒక మాస్టారు తలుచుకుంటే అంత జరిగిన ఊళ్లో, పన్ను కట్టించుకునే వ్యవస్థ సాయంత్రం రెండు గంటలు లైటు వేయలేకపోవడం నాకు మింగుడుపడదు.

ఇక ఉన్నవాటిలో వాడుకోనివి. ఇవి మా వైపు ఇళ్లల్లో చెప్పినా నమ్మరు, డబ్బు ఊరికే ఎవరిస్తారు అంటారు.

సర్కారు బళ్లో ఎనిమిదో తరగతి చదివే పిల్ల గానీ పిల్లాడు గానీ ఇంట్లో ఉంటే ఎన్‌ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష రాయించండి. మామూలుగా డిసెంబరులో ఉంటుంది, హెడ్మాస్టరు ద్వారానే దరఖాస్తు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా ఏటా 12,000 రూపాయలు. కుటుంబ ఆదాయం మూడున్నర లక్షలు దాటకూడదు. ఇందులో ఒక మెలిక ఉంది. ఏటా ఆన్‌లైన్‌లో రెన్యువల్ చేయించుకోవాలి, ఆధార్‌లో పేరూ బడి రికార్డులో పేరూ అక్షరం తేడా లేకుండా ఉండాలి. పరీక్ష పాసయి కూడా రెండో ఏడు డబ్బు రాక "గవర్నమెంటు ఆపేసింది" అనుకునే ఇళ్లల్లో సగానికి జబ్బు అదే.

ఇంటర్ ఆగిపోయినవాళ్ల కోసం బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ కేంద్రాలు ఉన్నాయి. పద్దెనిమిది నిండాలి. ఏసీ రిపేరు, సెల్‌ఫోన్ రిపేరు, కరెంటు పని, కుట్టు, బ్యూటీ పార్లర్ ఇలా ఏదో ఒకటి నేర్పుతారు, ఫీజు లేదు, తిండీ బసా వాళ్లదే. నేర్పి వదిలేయరు, బ్యాంకు లోనుకి సాయం చేసి రెండేళ్లు వెంట ఉంటారు. రాజాంలో ఇలాంటిదే నైరెడ్ ఉంది, నాగావళి పేరు మీద పెట్టిన సంస్థ. రాజాం 2022లో విజయనగరం జిల్లాలో కలిసింది గానీ మా శ్రీకాకుళం కుర్రాళ్లకి బస్సెక్కి వెళ్లే దూరమే. ఏ బ్యాచ్ ఎప్పుడో ముందు ఫోన్ చేసి కనుక్కుని వెళ్లాలి, లేకపోతే వెల్డింగ్ అనుకుని వెళ్లినవాడికి పుట్టగొడుగుల పెంపకం తగులుతుంది. అదీ మంచిదే గానీ వాడు మర్నాడే ఇంటికొచ్చేస్తాడు.

సోంపేట, కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం వైపు కుర్రాళ్లకి వెల్డర్, ఫిట్టర్ పనులంటే విదేశమే. అమ్మ మెడలోది తాకట్టు పెట్టి ఏజెంటుకి లక్షన్నర, రెండు లక్షలు కట్టేస్తారు. చట్ట ప్రకారం రిజిస్టరైన ఏజెంటు తీసుకోవాల్సిన సర్వీసు ఫీజు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతే. ఏజెంటు అసలోడా కాదా అన్నది కేంద్ర ప్రభుత్వం నడిపే ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో లైసెన్సు నంబరు కొట్టి చూడొచ్చు, సచివాలయం కుర్రాళ్లని అడిగినా చూసిపెడతారు. టూరిస్టు వీసా మీద వెళ్లు, అక్కడ మార్చుకోవచ్చు అన్నాడంటే అక్కడితో ఆ మాట ఆపేయండి. ఇంకోటి, పది పాసవని వాడి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర పడుతుంది, గల్ఫ్ లాంటి దేశాలకి పనికి వెళ్లాలంటే క్లియరెన్స్ కావాలి. కుర్రాళ్లు దాన్ని అడ్డంకి అనుకుని తిట్టుకుంటారు గానీ ఆ క్లియరెన్స్ ఉంటేనే ఒప్పందం కాగితం మీదకొస్తుంది, 10 లక్షల బీమా కూడా వస్తుంది. బడి మానేసినవాడు ఓపెన్ స్కూల్లో పది కట్టి పాసవ్వొచ్చు, వయసు అడ్డం కాదు.

కుటుంబాల సంగతిలో నాకు అన్నిటికంటే కడుపు మండేది మా జిల్లాలోని ఉద్దానం ప్రాంతం. కిడ్నీ జబ్బుతో ఇంటి పెద్ద పోయిన ఇళ్లు అక్కడ వీధికొకటి. పలాసలో 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో తెరిచారు, డయాలసిస్ రోగులకి నెలకి 10,000 పింఛను ఉంది, అది జబ్బు మనిషి సంగతి. ఆ ఇంట్లో పిల్లల సంగతి ఎవరూ ఎత్తరు. తండ్రి మంచం పట్టగానే ముందు మానేసేది పెద్దపిల్లాడి చదువు, వాడు చెన్నైకో హైదరాబాదుకో పనికెళ్లిపోతాడు, చిన్నవాళ్లు అమ్మమ్మ దగ్గర. మిషన్ వాత్సల్య అనే పిల్లల సంరక్షణ పథకం కింద స్పాన్సర్‌షిప్ అని ఉంది, ఒక్కో పిల్లకి నెలకి 4,000 రూపాయలు. తల్లి వితంతువైనా, భర్త వదిలేసినా, తల్లిదండ్రులు లేక బంధువుల దగ్గర పెరుగుతున్నా, తల్లికో తండ్రికో ప్రాణాంతకమైన జబ్బున్నా అర్హులే. ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, పట్నాల్లో 96,000 దాటకూడదు. వయసు పద్దెనిమిది లోపు, బడికి వెళ్తూ ఉండాలి. పిల్లల ఆధార్, స్టడీ సర్టిఫికెట్, ఆదాయ ధ్రువపత్రం, మరణ ధ్రువపత్రమో ఆసుపత్రి కాగితాలో, బ్యాంకు పుస్తకం పట్టుకుని జిల్లా బాలల సంరక్షణ విభాగానికి ఇవ్వాలి, అంత దూరం వెళ్లలేకపోతే అంగన్‌వాడీలని చూసే మీ సీడీపీవో ఆఫీసులో. మరణ ధ్రువపత్రం తీసుకోని ఇళ్లు చాలా ఉంటాయి, ముందు ఆ పని చూసుకోండి. నాకు తెలిసిన ఒక ఇంట్లో ఇదంతా తెలిసేసరికి పెద్దవాడికి పద్దెనిమిది దాటిపోయింది, చెల్లికి మాత్రం చేయించగలిగాం, వాడేమో "దానికొస్తే చాలులే అన్నా" అని మళ్లీ చెన్నై రైలెక్కాడు.

ఏప్రిల్‌లో ఇంటర్ రిజల్ట్స్ వచ్చే వారం గురించి ఒక్క మాట. ఆ నాలుగు రోజులూ పిల్లల్ని ఒంటరిగా వదలకండి, ముఖ్యంగా నవ్వుతూ "నాకేం టెన్షన్ లేదు" అనేవాళ్లని. 14416 టెలి మానస్, మనసు బాగోలేనప్పుడు మాట్లాడే సర్కారు ఫోన్ లైన్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు, రాత్రి రెండింటికైనా ఎత్తుతారు, పిల్లలే కాదు తల్లిదండ్రులూ చేయొచ్చు. సప్లిమెంటరీ మేలోనే ఉంటుంది, ఏడాది పోదు. ఇంట్లో కొట్లాటలు, గెంటివేతలు ఉంటే జిల్లా కేంద్రంలో సఖి వన్ స్టాప్ సెంటర్ ఉంది, మహిళల హెల్ప్‌లైన్ 181కి చేస్తే కలుపుతారు. లాయరు ఫీజు లేదని ఆగిపోకండి, 1987 నాటి చట్టం ప్రకారం ఆడవాళ్లకీ పిల్లలకీ ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలి, నంబరు 15100.

ఇన్ని నంబర్లు రాశాక కూడా నా గోల మళ్లీ తలుపు దగ్గరికే వస్తుంది. ఫోన్ నంబరు కష్టం వచ్చాక. కల్వర్టు మీద కూర్చున్నవాడికి ఇంకా కష్టం రాలేదు, ఊరికే పొద్దు పోవడం లేదు. ఆన్‌లైన్ బెట్టింగూ గంజాయీ వాడి దగ్గరికి సరిగ్గా ఆ పొద్దులోనే వస్తున్నాయి.

మా ఊళ్లో మేం అడుగుతున్నది చిన్నదే. హైస్కూలు గ్రౌండు గేటు పొద్దున ఐదు నుంచి ఏడు, సాయంత్రం ఐదు నుంచి ఏడున్నర తీయాలి. తాళం చెవి యువజన సంఘం దగ్గర ఉంటుంది, ఏది పోయినా సంఘానిదే బాధ్యత అని కాగితం రాసిస్తాం. యువజన సంఘం అంటే మా దగ్గర వినాయక చవితి చందా పుస్తకం మీద తప్ప ఇంకెక్కడా లేదు కాబట్టి ముందు దాన్ని రిజిస్టర్ చేయిస్తున్నాం. నెహ్రూ యువ కేంద్రం లెక్కలో పదిహేను నుంచి ఇరవై తొమ్మిదేళ్ల వాళ్లు ఉండొచ్చు, ఇప్పుడు మై భారత్ పోర్టల్‌లో పేర్లు ఎక్కించాలి. ఆడపిల్లలకి పొద్దున పూట విడిగా టైము ఉండాలని వదిన పట్టుబట్టింది, దానికి పొదుపు సంఘం ఆడవాళ్లలో ఇద్దరు వంతులవారీగా వచ్చి కూర్చుంటామన్నారు. సైన్యం నుంచి రిటైరై వచ్చినవాళ్లు మా ఊళ్లో ఉన్నారు, వాళ్లలో ఒకాయన పొద్దున పరుగు చూసుకుంటానన్నాడు, జీతం వద్దు గానీ లేటుగా వస్తే ఊరుకోనన్నాడు. పంచాయతీని అడిగింది రెండు లైట్లు, గ్రంథాలయ సెస్సు ఎంత వసూలైంది, ఎంత జమ చేశారు అన్న లెక్క. లైట్లు వేస్తామన్నారు. లెక్క మాత్రం వచ్చే గ్రామసభలో చూద్దాం అంటున్నారు, చూద్దాం అనే మాట మూడోసారి వినకుండా సమాచార హక్కు కింద దరఖాస్తు కూడా రాసి ఉంచాం.